గర్భసంచి తీసేసినా అండాశయ కాన్సర్ వస్తుందా? ఆపరేషన్‌కు తొందరపడే ముందు తెలియాల్సినవి

దేవరకొండ దగ్గరి ఊరి నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల అమ్మకు 54 ఏళ్లు. పన్నెండేళ్ల కింద గర్భసంచి తీసేశారు. నాలుగు నెలలుగా కడుపు ఉబ్బరం, గ్యాస్ మాత్రలతో నెట్టుకొచ్చారు. నల్లగొండలో స్కానింగ్ తీస్తే రెండు అండాశయాల్లోనూ గడ్డలున్నాయి, పెద్దది 9 సెంటీమీటర్లు. కడుపులో నీరు కూడా ఉంది. సీఏ-125 రక్త పరీక్ష 680 వచ్చింది. ఒక డాక్టరు ఈ వారంలోనే ఆపరేషన్ చేసి గడ్డలు తీసేద్దామన్నారు. ఇంకొకరు టీబీ కావచ్చు, రెండు నెలలు మందులు వాడి చూద్దామన్నారు. గర్భసంచి లేకుండా ఇదెలా వస్తుంది, మన నీళ్లలో ఫ్లోరైడ్ వల్లనా, 29 ఏళ్ల చెల్లెలికి కూడా వస్తుందా అన్నవి మిగతా సందేహాలు.

తమ్ముడూ, అన్నిటికంటే ముందు ఒక మాట. ఈ వారం ఆపరేషన్ వద్దు, టీబీ మందులూ వద్దు. ఈ పది రోజులూ పరీక్షలకు పెట్టండి. దానివల్ల అమ్మకు నష్టం లేదు. నిర్ధారణ లేకుండా కడుపు తెరిస్తే జరిగే నష్టాన్ని మాత్రం తర్వాత పూడ్చలేం. ఈ జబ్బులో మొదటి ఆపరేషన్ ఎవరు చేశారు, కంటికి కనిపించే గడ్డ ఎంత మిగిల్చారు అన్నదాన్ని బట్టే మనిషి ఎన్నేళ్లు బతుకుతుందన్నది చాలావరకు తేలుతుంది.

"గర్భసంచి ఎప్పుడో తీపించినం గదా, మళ్ల ఇదేంది?" అని మన దగ్గర ప్రతి ఇంట్లో అడుగుతారు. గర్భసంచి వేరు, అండాశయాలు వేరు. గర్భసంచికి రెండు పక్కలా చింతగింజంత కాకపోయినా బాదంకాయంత ఉండేవి అండాశయాలు. వాటి మీదికి వంగి వేళ్ల లాంటి అంచులతో ఉండేవి ఫెలోపియన్ నాళాలు. అండాశయ కాన్సర్లలో ఎక్కువగా కనిపించే హైగ్రేడ్ సీరస్ రకం చాలామందిలో ఆ నాళం అంచులోనే మొదలై అండాశయం మీదికి, కడుపు లోపలి పొర మీదికి పాకుతుందని ఇప్పుడు తెలిసింది. నలభై రెండేళ్ల వయసులో గర్భసంచి తీసేటప్పుడు ఆరోగ్యంగా ఉన్న అండాశయాలను వదిలేయడం తప్పు కాదు. ఎముకలకూ గుండెకూ వాటి అవసరం ఉంటుంది. అప్పుడే రెండు నాళాలూ తీసేసి ఉంటే బాగుండేది, కానీ ఆ పద్ధతి మన చిన్న ఆసుపత్రుల్లోకి ఆలస్యంగా వచ్చింది.

పాత డిశ్చార్జ్ కాగితం ఉంటే వెతకండి. టీఏహెచ్ అని మాత్రమే రాసి ఉంటే గర్భసంచి ఒక్కటే తీశారు. పక్కన బీఎస్‌ఓ అని ఉంటే అండాశయాలు, నాళాలు కూడా తీశారని అర్థం. గర్భసంచి ఆపరేషన్లు దేశంలోనే ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మన రెండు తెలుగు రాష్ట్రాలు ఉన్నాయి. లోపల ఏది ఉందో ఏది లేదో తెలియని ఆడవాళ్లు మన ఊళ్లలో చాలామంది. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. గర్భసంచి లేని మనిషికి ముట్టు ఉండదు కాబట్టి, ముట్టు ఆగిపోయాక మళ్లీ రక్తం కనిపిస్తే వచ్చే అనుమానం ఆమె విషయంలో రాదు. "ఆడవాళ్ల జబ్బు" అన్న ఆలోచనే డాక్టరుకూ ఇంట్లోవాళ్లకూ తట్టదు.

ఇక రిపోర్టుల లెక్క. ఇలాంటి గడ్డను ఎంత అనుమానించాలో తేల్చడానికి పాతదైనా పనికొచ్చే లెక్క ఒకటి ఉంది, రిస్క్ ఆఫ్ మాలిగ్నెన్సీ ఇండెక్స్ అంటారు. స్కానింగ్‌లో ఐదు లక్షణాలు చూస్తారు: గడ్డలో ఎక్కువ గదులు, గట్టి భాగాలు, రెండు వైపులా ఉండటం, కడుపులో నీరు, వేరే చోటికి పాకిన గుర్తులు. ఒక్కటీ లేకపోతే 0, ఒకటే ఉంటే 1, రెండు లేదా ఎక్కువ ఉంటే 3. ముట్టు ఆగినవాళ్లకు 3, ఆగనివాళ్లకు 1. గర్భసంచి తీసేసినవాళ్లు యాభై దాటితే ముట్టు ఆగినట్టే లెక్క. ఈ రెండిటినీ సీఏ-125తో గుణించాలి. మీ అమ్మకు 3 × 3 × 680, అంటే 6120. 200 దాటితే చాలు, కాన్సర్ సర్జన్ దగ్గరికి పంపాలని నియమం. అదే 34 ఏళ్ల అమ్మాయికి ఒకవైపు చాక్లెట్ సిస్ట్ (పాత రక్తం నిండిన, కాన్సర్ కాని సంచి), స్కానింగ్‌లో ఒకటే లక్షణం, సీఏ-125 90 ఉంటే లెక్క 90 దగ్గరే ఆగుతుంది. ఆమె భయపడాల్సిన పని చాలా తక్కువ.

సీఏ-125 ఒక్కదాన్నే చూసి ఏదీ తేల్చకూడదు. మామూలు హద్దు 35. ముట్టు సమయంలో, గర్భంలో, ఫైబ్రాయిడ్లు, ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరగడం) ఉన్నప్పుడు, లివర్ చెడిపోయినప్పుడు, గుండె బలహీనపడి నీరు చేరినప్పుడు, కడుపు టీబీలో కూడా అది పెరుగుతుంది. మొదటి దశలో ఉన్న అసలు కాన్సర్‌లో మాత్రం దాదాపు సగం మందికి మామూలుగానే ఉంటుంది. దాంతోపాటు సీఈఏ, సీఏ 19-9 అనే రక్త పరీక్షలు కూడా చేయించండి. సీఏ-125ను సీఈఏతో భాగిస్తే 25 కంటే ఎక్కువ వస్తే జబ్బు అండాశయం వైపు మొగ్గుతుంది. తక్కువ వస్తే జీర్ణాశయంలోనో పెద్దపేగులోనో పుట్టి అండాశయాలకు పాకిందేమో చూడాలి, ఎండోస్కోపీ తప్పదు. రెండువైపులా గడ్డలున్నప్పుడు ఈ అనుమానం ఇంకా ఎక్కువ పెట్టుకోవాలి.

టీబీ అన్న డాక్టరు మాట తీసిపారేయదగింది కాదు. కడుపు టీబీ అచ్చం ఇలాగే ఉంటుంది: నీరు, బరువు తగ్గడం, సీటీలో దళసరిగా మారిన ఓమెంటమ్ (పేగుల మీద పరిచినట్టుండే కొవ్వు పొర), సీఏ-125 వందల్లో. టీబీ అయితే ఆపరేషనే అక్కర్లేదు, మందులతో నయమవుతుంది. అందుకే ఊహతో కాకుండా ముక్క తీసి, బయాప్సీతో తేల్చాలి. కడుపులోంచి తీసిన నీటిలో ఏడీఏ అనే ఎంజైమ్ ఎక్కువుంటే టీబీ వైపు సూచన. టీబీ క్రిమిని వెతికే జీన్‌ఎక్స్‌పర్ట్ పరీక్ష నెగెటివ్ వస్తే టీబీ కాదని మాత్రం అనుకోవద్దు, కడుపు నీటిలో అది చాలాసార్లు దొరకదు. "రెండు నెలలు వాడి చూద్దాం" అన్నది కాన్సర్ అయితే రెండు నెలలు పోగొట్టుకోవడమే. ఆ రెండు నెలల్లో నీరు మళ్లీ మళ్లీ చేరుతుంది, తిండి పడిపోతుంది, రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రొటీన్ తగ్గుతుంది, చివరికి ఆపరేషన్‌కు తట్టుకోలేని స్థితికి వస్తుంది.

కడుపు బిగుతుగా ఉందని ఎక్కడైనా నీరు తీస్తే ఆ నీటిని పారబోయనివ్వకండి. మన నర్సింగ్‌హోముల్లో తరచుగా జరిగే తప్పు ఇది: మూడు నాలుగు లీటర్లు బకెట్లో పోసి, పేషెంటుకు హాయిగా ఉందని ఇంటికి పంపేస్తారు. కనీసం 100 నుంచి 200 మిల్లీలీటర్లు సైటాలజీకి, సెల్ బ్లాక్‌కు (నీటిలో కాన్సర్ కణాలను వెతికే పరీక్షలు) పంపమనండి. అదే రోజు ల్యాబ్‌కు చేరాలి, ఆలస్యమైతే ఫ్రిజ్‌లో పెట్టాలి, లేకపోతే కణాలు పాడై "ఏమీ కనిపించలేదు" అని రిపోర్టు వస్తుంది. ఛాతీ, కడుపు, పొత్తికడుపు మూడూ కలిపి కాంట్రాస్ట్‌తో సీటీ తీయాలి. దానికి ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష) చూడాలి. ఓమెంటమ్ దళసరిగా కనిపిస్తే అల్ట్రాసౌండ్ చూస్తూ అక్కడి నుంచి సన్నటి సూదితో కాకుండా లావుపాటి కోర్ సూదితో ముక్క తీస్తారు. రకం తేల్చడానికి ఆ ముక్క మీద పీఏఎక్స్8, డబ్ల్యూటీ1, పీ53 లాంటి స్టెయిన్లు (రంగు పరీక్షలు) వేస్తారు.

అయితే అండాశయంలోనే ఆగిన గడ్డను మాత్రం సూదితో పొడవకూడదు. జబ్బు ఇంకా పాకని మనిషికి ఆ గడ్డ పగిలి లోపలి ద్రవం చిందితే 1ఏ దశ అక్కడికక్కడే 1సీ అవుతుంది, అవసరం లేని కీమో మెడకు పడుతుంది. లాపరోస్కోపీలో సిస్ట్‌ను సంచిలో వేయకుండా చీల్చి బయటికి లాగినా అంతే. పొత్తికడుపు కింద అడ్డంగా చిన్న కోత పెట్టి గడ్డ ఒక్కటీ తీసి, కుట్టేసి, బయాప్సీ వచ్చాక "కాన్సర్ అట, హైదరాబాద్ పోండి" అనడం కూడా ఇలాంటిదే. ఆ కోతలోంచి పైకడుపు, కాలేయం మీద, డయాఫ్రం కింద ఏముందో చూడటం కుదరదు. మళ్లీ కోయాలి. మీ వాళ్లలో ఎవరికైనా ఇప్పటికే అలా జరిగి ఉంటే, ఆపరేషన్ నోట్స్‌తో పాటు బయాప్సీ స్లైడ్లు, మైనం బ్లాకులు అడిగి తీసుకోండి, అవి పేషెంటు హక్కు. కాగితం రిపోర్టు ఒక్కటే పట్టుకొని వస్తే పెద్దాసుపత్రిలో మళ్లీ మొదటికొస్తుంది.

ఎక్కడికి పోవాలంటే: హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే కాన్సర్ ఆసుపత్రి ప్రభుత్వానిది, ఆరోగ్యశ్రీ కింద చేస్తారు. పంజాగుట్ట నిమ్స్ ఇంకొకటి. ప్రైవేటులో అయితే గైనిక్ ఆంకాలజీ సర్జన్ (ఆడవాళ్ల కాన్సర్ల సర్జన్) ఉన్నారా, ట్యూమర్ బోర్డు (వేర్వేరు కాన్సర్ డాక్టర్లు కలిసి కేసు చర్చించడం) పెడతారా అని అడిగి పోండి. మామూలు గైనకాలజిస్టు ఎంత చేయి తిరిగినవారైనా ఇది వాళ్ల ఆపరేషన్ కాదు. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పుడు తొలి మూడు జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా పెంచారు. ఆహార భద్రత కార్డు, ఆధార్ అసలువి, జిరాక్సులు పట్టుకొని ముందుగా అక్కడి ఆరోగ్యమిత్రను కలవండి. కార్డులో అమ్మ పేరు, ఆధార్‌లో పేరు ఒకేలా ఉన్నాయో లేదో ఇవాళే చూసుకోండి, అక్షరం తేడా ఉంటే అప్రూవల్ దగ్గర రోజులు పోతాయి. స్కానింగ్ ఫిల్ములతో పాటు సీడీ కూడా తీసుకెళ్లండి.

చికిత్సలో రెండు దారులున్నాయి. సీటీ చూసి మొత్తం గడ్డలను తీసేయగలమని సర్జన్‌కు నమ్మకం ఉంటే, మనిషి తట్టుకోగలిగితే, ముందు ఆపరేషన్, తర్వాత ఆరు సైకిళ్ల (విడతల) కీమో. జబ్బు చిన్నపేగుల మొదలు దాకా పాకి ఉంటే, ఊపిరితిత్తుల చుట్టూ నీరుంటే, ఆల్బుమిన్ బాగా తగ్గిపోయి ఉంటే, ముందు మూడు కీమోలు, తర్వాత ఆపరేషన్, మళ్లీ మూడు కీమోలు. "ఆపరేషన్ చేయలేమన్నరు, కీమో రాసిన్రు" అంటే చేతులెత్తేశారని కాదు. గడ్డలు కరిగి, నీరు ఇంకి, మనిషి కాస్త తిని కోలుకున్నాక చేసే ఆపరేషన్ సురక్షితం. ఇలాంటి వాళ్లలో రెండు పద్ధతుల్లోనూ బతికే కాలం దాదాపు సమానమని 2010లో వచ్చిన పెద్ద యూరప్ అధ్యయనం చూపించింది.

ఆపరేషన్ అంటే బొడ్డు పైనుంచి కిందిదాకా నిలువు కోత. లోపలి నీటి నమూనా, అండాశయాలు, నాళాలు, మిగిలి ఉంటే గర్భాశయ ముఖద్వారం, ఓమెంటమ్ మొత్తం, కడుపు పొర మీద కనిపించిన ప్రతి గడ్డ తీయాలి. అవసరమైతే పేగు ముక్క కూడా తీస్తారు, కొందరికి కొంతకాలం కడుపు మీద సంచి పెట్టాల్సి రావచ్చు. ముందే చెప్పి సంతకం తీసుకుంటారు, అప్పుడు బెదిరిపోకండి. మామూలుగా కనిపించే లింఫు గ్రంథులను ముదిరిన జబ్బులో తీయడం వల్ల లాభం లేదని 2019లో తేలింది, తీయలేదని సర్జన్‌ను తప్పుపట్టొద్దు. ఆపరేషన్ అయ్యాక మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటే: "కంటికి కనిపించేది ఏమైనా మిగిలిందా, మిగిలితే ఎంత?" ఏమీ మిగలకపోవడమే లక్ష్యం. సెంటీమీటరు కంటే తక్కువ మిగిలినా సున్నాతో సమానం కాదు.

మందులు చాలామందికి ఒకే జంట: పాక్లిటాక్సెల్, కార్బోప్లాటిన్, 21 రోజులకోసారి. పాక్లిటాక్సెల్ ఒంటి ఉపరితలం లెక్కన, చదరపు మీటరుకు 175 మి.గ్రా., మూడు గంటల డ్రిప్. 152 సెంటీమీటర్లు, 50 కిలోల మనిషికి 1.45 చదరపు మీటర్లు, అంటే సుమారు 254 మి.గ్రా. కార్బోప్లాటిన్ లెక్క కిడ్నీల మీద ఆధారపడుతుంది: కిడ్నీ వడపోత వేగానికి 25 కలిపి, దాన్ని ఏయూసీ అంకెతో (ఒంటికి ఎంత మందు అందాలో డాక్టరు పెట్టుకునే లక్ష్యం) గుణించాలి. 54 ఏళ్లు, 50 కిలోలు, క్రియాటినిన్ 0.8 అయితే వడపోత సుమారు 63, ఏయూసీ 5 అనుకుంటే డోసు 440 మి.గ్రా. దగ్గర. ఇక్కడ రెండు చోట్ల తప్పు జరుగుతుంది. కడుపులో ఆరు లీటర్ల నీరున్న మనిషిని తూచితే ఆ ఆరు కిలోలు కూడా లెక్కలోకి వస్తాయి. కండ కరిగి బక్కచిక్కిన మనిషికి క్రియాటినిన్ 0.4 చూపిస్తుంది, కిడ్నీలు బ్రహ్మాండంగా ఉన్నాయని డోసు ఎక్కువ పడుతుంది. అందుకే చాలా చోట్ల 0.7 కంటే తక్కువ వేసి లెక్క కట్టరు. ప్రతి సైకిల్‌కూ బరువు కొత్తగా చూడమని అడగండి.

పాక్లిటాక్సెల్ మొదలైన తొలి పావుగంట పక్కనే ఉండండి. మొహం ఎర్రబడటం, నడుములో ఉన్నట్టుండి నొప్పి, ఆయాసం వస్తే వెంటనే నర్సును పిలవాలి. దాన్ని ఆపడానికే ముందు డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు, షుగర్ ఉన్నవాళ్లకు ఆ రెండు మూడు రోజులు షుగర్ పెరుగుతుంది, చూసుకోవాలి. రెండో రోజు నుంచి ఐదో రోజు దాకా ఒళ్లంతా విరిచేసినట్టు నొప్పులుంటాయి, అవి పోతాయి. జుట్టు రెండు మూడు వారాల్లో రాలుతుంది, మళ్లీ వస్తుంది. కాళ్లూ చేతుల తిమ్మిరి మాత్రం జాగ్రత్తగా గమనించాలి. మనవాళ్లు దాని గురించి చెప్పరు. జాకెట్టు హుక్కులు పెట్టుకోలేకపోవడం, కాలి చెప్పు జారినా తెలియకపోవడం కనిపిస్తే తర్వాతి కీమోకు ముందే డాక్టరుకు చెప్పాలి, డోసు తగ్గిస్తారు. ముదిరాక తగ్గడం కష్టం.

జ్వరం సంగతి గోడ మీద రాసి పెట్టుకోండి. కీమో అయిన పదో రోజు అటూ ఇటూ తెల్ల కణాలు అడుగంటుతాయి. థర్మామీటరులో 100.4 దాటితే డోలో వేసి పడుకోబెట్టొద్దు, ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కించి తెల్లారేదాకా ఆగొద్దు. వంద కిలోమీటర్లు హైదరాబాద్‌కు బస్సులో తీసుకుపోవడమూ సరికాదు. దగ్గర్లోని నల్లగొండ ప్రభుత్వాసుపత్రికి పోయి, కీమో ఫైలు చూపించి, రక్తకణాల పరీక్ష చేయించి, గంటలోపు నరానికి మొదటి డోసు యాంటీబయాటిక్ పడేలా చూడాలి. తర్వాత అక్కడి నుంచే ఆంకాలజీ వాళ్లకు ఫోను. కొందరు ఆకు పసర్లు, పొడులు కీమోతో పాటు ఇస్తారు. కాలేయం దెబ్బతింటే కీమో ఆగిపోతుంది, దయచేసి వద్దు. పథ్యం పేరుతో అన్నం, కారం మీద ఉంచడం ఇంకో అన్యాయం. గుడ్డు, పప్పు, పాలు, చేప, కూరగాయలు, ఏది దిగితే అది కొంచెం కొంచెంగా ఆరుసార్లు పెట్టండి.

ఒక కాలు వాస్తే బోదకాలు అనుకుంటారు మన జిల్లాల్లో. కాన్సర్ ఉన్న మనిషికి ఉన్నట్టుండి ఒకే పిక్క వాచి, గట్టిపడి, నొప్పి పుడితే అది రక్తం గడ్డకట్టడం అయ్యే అవకాశమే ఎక్కువ. అదే రోజు డాప్లర్ (రక్తనాళాల స్కానింగ్) చేయించాలి, మాలిష్ చేయకూడదు, రక్తపు గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. పెద్ద ఆపరేషన్ తర్వాత 28 రోజులు కడుపు మీద చర్మం కింద ఇచ్చే, రక్తం గడ్డకట్టకుండా చూసే ఎనోక్సాపరిన్ ఇంజెక్షన్లు దీని కోసమే. ఇంటికొచ్చాక "ఇంక బాగనే ఉన్నది గదా" అని మానేస్తారు, మానొద్దు.

ఫ్లోరైడ్ గురించి అడిగారు. నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల అండాశయ కాన్సర్ వస్తుందని చెప్పే ఆధారం లేదు. కానీ మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు ఏళ్లతరబడి బోరు నీళ్లు తాగినవాళ్ల విషయంలో డాక్టరుకు ఒక మాట ముందే చెప్పాలి. ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ వల్ల ఎముకలు చెడటం) ఉన్న ఎముకలు సీటీలో తెల్లగా, దట్టంగా కనిపిస్తాయి, మన ప్రాంతం తెలియని రేడియాలజిస్టు దాన్ని ఎముకలకు పాకిన కాన్సర్ అని రాసే ప్రమాదం ఉంది. వెన్నెముక బిగుసుకుపోయిన మనిషికి మత్తు డాక్టరు ఎపిడ్యూరల్ (నడుములో వెన్నుపూసల మధ్య నుంచి నొప్పి మందు ఇచ్చే గొట్టం) పెట్టడమూ కష్టమే. ఇది మత్తు పరీక్షకు పోయినప్పుడే చెప్పండి, ఆపరేషన్ టేబుల్ మీద తెలుసుకోవాల్సిన విషయం కాదు.

మరి అసలు కారణాలేవి? వయసు, కుటుంబ జన్యువులు, పిల్లలు కలగకపోవడం, ఎండోమెట్రియోసిస్, ముట్టు ఆగాక ఏళ్లపాటు హార్మోన్ మాత్రలు, కొంతవరకు ఊబకాయం. కాన్పులు, పాలివ్వడం, గర్భనిరోధక మాత్రలు కొన్నేళ్లు వాడటం, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ ఇవన్నీ ప్రమాదాన్ని తగ్గిస్తాయి. ట్యూబులు కోయించుకుంటే కాన్సర్ వస్తుందన్న భయం మన ఊళ్లలో వింటాం, నిజం దానికి పూర్తిగా ఎదురు. ఏ కారణమూ లేకుండా వచ్చేవాళ్లే ఎక్కువమంది. కాబట్టి అమ్మ ఏదో తిన్నందుకో, చేసినందుకో వచ్చిందని ఇంట్లో ఎవరూ అనకుండా చూడండి.

జన్యువుల సంగతే చెల్లెలికి సంబంధించింది. హైగ్రేడ్ సీరస్ అని తేలితే అమ్మకు బ్రాకా 1, బ్రాకా 2 అనే జన్యువుల్లో లోపం ఉందేమో పరీక్ష తప్పకుండా చేయించాలి. ముందు అమ్మకు, చెల్లెలికి కాదు. అమ్మలో లోపం దొరికితే ఆ ఒక్క లోపం కోసమే చెల్లెలికీ, మీకూ చూస్తారు. ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం, కొడుకులకు కూడా. మేనరికం వల్ల వచ్చిందా అని చాలామంది అడుగుతారు. ఈ లోపం తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కవైపు నుంచి వచ్చినా చాలు, దీనికి మేనరికం కారణం కాదు. బ్రాకా 1 లోపం ఉన్న ఆడవాళ్లలో వందకు నలభై మంది దాకా జీవితకాలంలో అండాశయ కాన్సర్ వస్తుంది, బ్రాకా 2లో అందులో సగం కంటే తక్కువ. రొమ్ము కాన్సర్ ప్రమాదం రెండిట్లోనూ ఎక్కువే. చెల్లెలికి లోపం ఉందని తేలితే పిల్లలు కలిగాక, బ్రాకా 1 అయితే 35 నుంచి 40 ఏళ్ల మధ్య, బ్రాకా 2 అయితే 40 నుంచి 45 మధ్య అండాశయాలు, నాళాలు తీయించుకోవడమే గట్టి రక్షణ. లోపం లేదని తేలితే ఆమెది అందరిలాంటి ప్రమాదమే.

ఈ పరీక్ష అమ్మ చికిత్సకూ కావాలి. బ్రాకా లోపం ఉన్నవాళ్లకు కీమో పనిచేశాక ఒలాపరిబ్ అనే మాత్ర 300 మి.గ్రా. రోజుకు రెండుసార్లు రెండేళ్లు ఇస్తారు. ఏడేళ్ల తర్వాత చూస్తే మాత్ర వాడినవాళ్లలో 67 శాతం, వాడనివాళ్లలో 46.5 శాతం బతికి ఉన్నారు. ఇంత తేడా తెచ్చిన మందు ఈ జబ్బులో అరుదు. రక్తం తగ్గడం దాని ముఖ్యమైన ఇబ్బంది, మొదట్లో నెలనెలా పరీక్ష ఉండాలి. గడ్డకు కొత్త రక్తనాళాలు పెరగకుండా ఆపే బెవాసిజుమాబ్ అనే మందు కొందరికి కలుపుతారు, బీపీ పెరుగుతుంది, గాయం మానదు, అందుకే ఆపరేషన్ అయిన 28 రోజుల లోపు ఇవ్వరు.

వేడి కీమో గురించి కార్పొరేట్ ఆసుపత్రుల్లో చెబుతారు, లక్షల్లో ఖర్చు. మూడు కీమోల తర్వాత ఆపరేషన్ చేసినప్పుడు, గడ్డలన్నీ తీసేశాక, వేడి చేసిన సిస్‌ప్లాటిన్‌ను 90 నిమిషాలు కడుపులో తిప్పితే సగటు ఆయుష్షు 33.9 నెలల నుంచి 45.7 నెలలకు పెరిగిందని 2018లో ఒక అధ్యయనం చూపింది. ఆ ఒక్క సందర్భంలో ఆలోచించవచ్చు. పొలం అమ్మి చేయించాల్సిన చికిత్స మాత్రం కాదని నా అభిప్రాయం. బాగా చేసిన ఆపరేషన్, వేళకు పడిన ఆరు కీమోలు ముందు.

చికిత్స ముగిశాక మొదటి రెండేళ్లు మూడు నెలలకోసారి చూపించుకోవాలి. ముదిరిన దశలో దొరికినవాళ్లలో చాలామందికి ఇది తిరిగొస్తుంది. ఈ మాట ముందే తెలిసి ఉండటం మంచిది. సీఏ-125 కొంచెం పెరిగిందని, లక్షణాలేవీ లేకుండానే కీమో మొదలుపెడితే ఆయుష్షు పెరగదని కూడా తేలింది. నొప్పికి మార్ఫిన్ రాస్తే చివరి రోజులని అర్థం కాదు. నొప్పి తగ్గితేనే తిండి, నిద్ర, తర్వాతి కీమో. ప్రభుత్వాసుపత్రుల్లోని పాలియేటివ్ విభాగాల్లో ఇస్తారు.

ఇది చదివే ఆడవాళ్ల కోసం లక్షణాలు చెప్పాలి. లంగా బొందు రోజురోజుకూ బిగుతవుతూ, జాకెట్టు చేతులు మాత్రం వదులవుతుంటే అది ఒళ్లు చేయడం కాదు. నాలుగు ముద్దలకే కడుపు నిండినట్టు ఉండటం, పొత్తికడుపు నొప్పి, మాటిమాటికీ ఒంటేలుకు పోవడం, ఉబ్బరం, ఇవి ఈ ఏడాదిలోనే కొత్తగా మొదలై నెలలో పన్నెండు రోజుల కంటే ఎక్కువ ఉంటే గ్యాస్ మాత్రతో ఆగకండి. పొట్ట స్కానింగ్, సీఏ-125 చేయించండి. యాభై దాటాక కొత్తగా "గ్యాస్ ట్రబుల్" మొదలైతే ముందు అండాశయాలు చూడాలి. పాప్ స్మియర్‌లో ఈ జబ్బు తెలియదు. ఏ లక్షణమూ లేనివాళ్లు మాత్రం ఏటా సీఏ-125 చేయించుకోవద్దు. బ్రిటన్‌లో రెండు లక్షలకు పైగా ఆడవాళ్ల మీద చేసి చూశారు, 2021లో ఫలితం వచ్చింది, ప్రాణాలేమీ దక్కలేదు, అనవసరపు ఆపరేషన్లు మాత్రం జరిగాయి.

పెళ్లికాని చిన్న వయసు ఆడపిల్లలకు వచ్చే అండాశయ కాన్సర్ గడ్డలు ఎక్కువగా వేరే జాతివి. ఏఎఫ్‌పీ, ఎల్‌డీహెచ్, బీటా హెచ్‌సీజీ అనే రక్త పరీక్షలు చేయించాలి. అవి ముదిరినా కీమోకు బాగా లొంగుతాయి, గర్భసంచినీ రెండో అండాశయాన్నీ ఉంచే ఆపరేషన్ చేస్తారు, తర్వాత పిల్లలు పుడతారు. సంబంధాలు చెడతాయని గుట్టుగా దాచి ఆలస్యం చేయొద్దు.

తమ్ముడూ, రేపు పొద్దున ఆకలిగడుపున అమ్మ రక్తం ఇప్పించండి: రక్తకణాలు, క్రియాటినిన్, ఆల్బుమిన్, షుగర్, సీఈఏ, సీఏ 19-9. క్రియాటినిన్ వచ్చాక సీటీ. ఆ సీడీతో హైదరాబాద్. కడుపు బిగుతుగా ఉండి పడుకోలేకపోతుంటే అక్కడే నీరు తీయించండి, నమూనా పంపించండి. సీటీ, బయాప్సీ రిపోర్టులు వచ్చాక అమ్మ పేరు, కేసు నంబరు చెరిపేసి ఇక్కడ పెట్టండి. ముందు ఆపరేషనా, ముందు కీమోనా అన్నది అవి చూసి మాట్లాడుకుందాం.